అద్దాల బీరువా ఊరేగింపు

ఆ గురువారం ఉదయం ఇన్షిరాహ్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం అతిథులు గుమ్మంలో అడుగుపెట్టేలోగా ఇంట్లోని చెక్క సామాను బయటికి పోవాలి. చెక్క సామాను అంటే తన పెళ్ళినాటి సోఫాలూ బల్లలూ కాదు. తన భర్త వగ్దీ, అతని స్నేహితులూ సొంత చేతులతో చేసి, చలికాలం నుంచీ తన ముందుగదిలో పేర్చిన సామాను.

దుమ్యాత్ ఊళ్ళో ఏ సందులోకి తిరిగినా రంపం చప్పుడే, వార్నిష్ వాసనే. దేశంలో సగం మంది పెళ్ళికూతుళ్ళకి మంచాలూ బీరువాలూ ఇక్కడినుంచే వెళ్తాయి. అలాంటి ఊళ్ళో రిటైరైన భూగోళం మాస్టారు వగ్దీ, పళ్ళ డాక్టర్ రమ్జీ, కస్టమ్స్‌లో పనిచేసి దిగిపోయిన ఇంకొకాయన కలిసి చెక్కపని అభిరుచి సంఘం పెట్టారు. చేపల చెరువులో కోళ్ళు ఈత సంఘం పెట్టుకున్నట్టుందని ఊళ్ళో వడ్రంగులు నవ్వుకున్నారు. సంఘం గది పైకప్పు కారడం మొదలయ్యాక, పది రోజులకని చెప్పి సామానంతా ఇన్షిరాహ్ ఇంటికి చేర్చారు. ఆ పది రోజులూ అయ్యేసరికి వేసవి వచ్చింది.

ముందుగదిలో ఇప్పుడు ఒక మంచం తలాపి ఉంది. దాని మీద ఖర్జూర చెట్టు చెక్కారు, చూసినవాళ్ళు గొడుగనుకుంటారు. కస్టమ్స్ ఆయన చేసిన నాలుగు కుర్చీలున్నాయి, నాలుగూ నాలుగు ఎత్తులు. డాక్టర్ రమ్జీ చేసిన అద్దం బల్ల ఉంది. దాని సొరుగుల పిడులు అచ్చం దవడపళ్ళలా ఉంటాయి, ఆయన చెయ్యి అలా అలవాటు పడింది మరి. వీటన్నిటి నడుమ వగ్దీ చేసిన నీష్. నీష్ అంటే పెళ్ళికూతురు పింగాణీ సామానంతా లోపల పెట్టి, తాళం వేసి, జీవితాంతం వాడకుండా కాపాడుకునే అద్దాల బీరువా.

ఈ నీష్ వల్లే ఇన్షిరాహ్‌కి రాత్రంతా నిద్ర పట్టలేదు. సాయంత్రం వచ్చేది హాజీ సుబ్హీ. ఊళ్ళో పేరున్న ఫర్నిచర్ షాపు ఆయనది. ఆయన కొడుకు ఇహాబ్, ఇన్షిరాహ్ కూతురు నెర్మీన్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి తిప్పికొట్టిన నెర్మీన్, ఈ అబ్బాయి మాట వచ్చినప్పుడు మాత్రం తలదించుకుని ఫోన్ వైపు చూసుకుంది. తల్లికి ఆ చూపు చాలు. ఈ సాయంత్రం పెద్దలు కూర్చుని ఫాతిహా ప్రార్థన చదివితే మాట ఖాయమైనట్టే. చదివేదాకా దిష్టి తగలకూడదని ఇన్షిరాహ్ ఎవ్వరికీ, ఎదురింటి ఉమ్ హానీకి, అంటే హానీ వాళ్ళమ్మకి కూడా, ఒక్క ముక్క చెప్పలేదు.

చిక్కంతా హాజీ మొదటిసారి వచ్చినప్పుడే మొదలైంది. టీ ఇచ్చీ ఇవ్వగానే వగ్దీ ఆయన భుజం తట్టి, "మనం మనం ఒకే వృత్తివాళ్ళం హాజీ" అన్నాడు. హాజీ తన కుడిచెయ్యి చాపి బల్ల మీద పెట్టాడు. చిన్నప్పుడు రంపం మింగేసిన రెండు వేళ్ళ కొసలు అందులో లేవు. "మా ఊళ్ళో చెక్కతో ఆడుకునేవాళ్ళు కూడా ఉన్నారని వినడమే, చూడటం ఇదే" అని, టీ సగంలో వదిలేసి లేచాడు. అప్పుడు ఆ సామానంతా దుప్పట్ల కింద ఉంది కాబట్టి బతికిపోయారు. ఇహాబ్ తండ్రిని బతిమాలి బతిమాలి ఈ రోజుకి ఒప్పించాడు.

"వగ్దీ, బండి ఎప్పుడొస్తోంది?" అంది ఇన్షిరాహ్, బాతుల పొట్టలో ఉల్లిపాయలు కూరుతూ.

"పదింటికి. షహాతా మాటంటే మాటే. పదకొండుకల్లా యువజన కేంద్రంలో సర్దేస్తాం. సాయంత్రం ప్రదర్శన మొదలు. పెద్ద అధికారి వస్తున్నాడు తెలుసా?"

"నువ్వు మాత్రం అక్కడ ఉండవు. సాయంత్రం ఇక్కడుంటావు. హాజీ ముందు చెక్క అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు."

"మరి ఏం మాట్లాడను?"

"వాతావరణం గురించి మాట్లాడు."

"వాతావరణం అంటే తేమ వస్తుంది. తేమ వస్తే చెక్క ఉబ్బడం రాకుండా ఎలా ఉంటుంది?"

"అయితే దగ్గు. ఆ మాట నాలిక చివరికి వచ్చినప్పుడల్లా దగ్గు."

వగ్దీ ఒకసారి దగ్గి చూసుకున్నాడు. బాగానే ఉంది.

షహాతా పిక్-అప్ బండి నిజంగానే పదింటికి వచ్చింది. మిగతావన్నీ మెట్లమీదుగా దిగాయి. నీష్ దిగలేదు. అది ఇంట్లోకి పలకలుగా వచ్చి, ముందుగదిలోనే జిగురు పూసుకుని బీరువా అయింది. ఇప్పుడు మెట్ల మలుపులో పట్టదు. ఆ వీధిలో పెద్ద సామాను ఏదైనా బాల్కనీ మీదుగా తాళ్ళతోనే దిగుతుంది కాబట్టి తాళ్ళు వచ్చాయి, తాళ్ళు పట్టడానికి మనుషులు వచ్చారు, వాళ్ళకి సలహాలివ్వడానికి ఇంకా ఎక్కువ మంది వచ్చారు. అద్దాల బీరువా గాల్లో వేలాడుతూ రెండో అంతస్తు నుంచి దిగుతుంటే వీధి మొత్తం తలెత్తి చూసింది.

"మేడమ్, నా అద్దం పగిలితే నేను బతకను. పైన ఏదైనా మెత్తగా కప్పండి" అని డాక్టర్ రమ్జీ పొద్దున్నే ఫోన్‌లో ప్రాధేయపడి ఉన్నాడు. ఇంట్లో పాత దుప్పట్లన్నీ అతిథులొస్తున్నారని ఉతికి మేడమీద ఆరేసింది ఇన్షిరాహ్. చేతికందింది ఒక్కటే, తన పెళ్ళినాటి ఎర్ర శాటిన్ రజాయి. అదే తీసుకెళ్ళి అద్దం మీద కప్పింది. వగ్దీ దాన్ని కర్టెన్ల బంగారు రంగు తాడుతో గట్టిగా కట్టాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్న ఇన్షిరాహ్‌కి ముడి కొంచెం వంకరగా కనిపించింది. విప్పి, మళ్ళీ అందంగా పువ్వులా ముడి వేసి, బాతుల దగ్గరికి పైకి వెళ్ళింది.

మంచం తలాపి, అద్దం బల్ల, కుర్చీలు, నీష్. అన్నిటిపైన ఎర్ర శాటిన్ రజాయి, బంగారు తాడు. ఆ ఊళ్ళో పుట్టిన ఏ మనిషికైనా అది ఒక్కటే చెబుతుంది, పెళ్ళికూతురి సామాను అత్తారింటికి వెళ్తోందని. షహాతా బండెక్కి హారన్ మీద చెయ్యి పెట్టాడు. ఈ కాలంలో వారమంతా అతను మోసేది పెళ్ళికూతుళ్ళ సామానే. ఆ చేతికి వేరే హారన్ తెలియదు. పీప్, పీప్, పీపీపీప్ అని పెళ్ళి తాళం మోగింది.

ఎదురింటి బాల్కనీలోంచి ఉమ్ హానీ నాలుక ఆడిస్తూ ఒక సంబరపు కేక వేసింది. ఆ వెంటనే మెట్లు దిగి, రోడ్డు దాటి, మెట్లెక్కి ఇన్షిరాహ్ గుమ్మంలో నిలబడింది.

"ఉమ్ నెర్మీన్! మా దగ్గరా దాపరికం? ఒక్క కంచంలో తిన్నవాళ్ళం కదే!"

"దాపరికం ఏముంది? అది వగ్దీ సంఘం సామాను. ప్రదర్శనకి వెళ్తోంది."

"అవునవును. నీష్ ప్రదర్శనకి, మంచం ప్రదర్శనకి, ఎర్ర రజాయి కూడా ప్రదర్శనకే. తల్లీ, నేను నలుగురు ఆడపిల్లల్ని పంపినదాన్ని."

"ఒట్టు, నిజంగానే..."

"ఒట్లెందుకు? దిష్టి భయమైతే చెప్పు, నోరు కుట్టేసుకుంటాను" అంది ఉమ్ హానీ. కుట్టేసుకున్న ఆ నోట్లోంచి వచ్చిన రెండో కేక మూడు వీధుల అవతలికి వినిపించింది. "పెళ్ళికొడుకు ఎవరో మాకు తెలీదనుకున్నావా? హాజీ సుబ్హీ కారు మీ గుమ్మం ముందు ఆగలేదూ? మా కిటికీలకి తెరలున్నాయి గానీ మా కళ్ళకి లేవు."

ఇన్షిరాహ్ నోరు తెరిచింది. నెర్మీన్‌కి ఇంకా ఏమీ ఖాయం కాలేదు అని చెప్పాలి. కానీ సాయంత్రం ఫాతిహా పెట్టుకుని, పొద్దున్నే సొంత నోటితో ఆ అశుభం మాట ఎలా అంటుంది? అవును అనడానికి వీల్లేదు, కాదు అనడానికి నోరు రాదు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఉమ్ హానీ దాన్ని కన్నతల్లి ఆనందం అనుకుంది. కౌగిలించుకుని, రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టి, "సామాను ఒంటరిగా వెళ్తుందా? మేం చచ్చామా?" అంటూ కిందికి పరుగెత్తి, తన మేనల్లుడి టుక్‌టుక్ ఎక్కి బండికి ముందు నిలబెట్టించింది.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి వీధి చివర ఎర్ర రజాయి మలుపు తిరుగుతూ కనిపించింది. దాని వెనక మోటారు సైకిళ్ళు, చప్పట్లు, ఒక డోలు. డోలు ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకి అంతుపట్టలేదు.

వగ్దీకి ఫోన్ చేసింది. చాలాసేపటికి ఎత్తాడు.

"ఇన్షిరాహ్! చూశావా? ఊరు ఊరంతా కదిలింది!"

"వగ్దీ, బండి ఆపించు."

"ఎలా ఆపను? ముందు టుక్‌టుక్‌లు, వెనక మోటారు సైకిళ్ళు. నేను చెప్పలేదూ, చేత్తో చేసిన పనికి ఎప్పటికైనా విలువ ఉంటుందని? బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు ఉప్పు చల్లుతున్నారు!"

"ప్రదర్శనకి ఉప్పెందుకు చల్లుతారు వగ్దీ?"

"తేమ పట్టకుండా కాబోలు" అన్నాడు.

"అది దిష్టికి చల్లే ఉప్పు! నెర్మీన్ సామాను అనుకుంటున్నారు!"

పీప్, పీప్, పీపీపీప్ అని హారన్. "ఏమన్నావ్? వినపడట్లేదు. ఆగు, ఎడమకి తిరుగుతున్నాం. యువజన కేంద్రం కుడివైపు కదా? ఓహో, ఊరంతా తిప్పుతున్నారు. సరే ఉంటాను, చెయ్యి ఊపాలి."

ఎడమవైపు ఏముందో ఇన్షిరాహ్‌కి తెలుసు. హాజీ సుబ్హీ షాపు ఉంది. ఆయన కంట పడకూడదని పొద్దున్నే ఇంట్లోంచి గెంటించిన సామాను, డోలు వాయించుకుంటూ ఆయన గుమ్మానికే వెళ్తోంది.

లోపలి గదిలోంచి నెర్మీన్ వచ్చింది. సగం జుట్టుకి రోలర్లు, చేతిలో ఫోన్, కళ్ళనిండా నీళ్ళు. "అమ్మా, ఇహాబ్. నాన్న వాళ్ళ వీధిలో ఉన్నాడట. నీష్‌తో."

ఇన్షిరాహ్ ఫోన్ అందుకుంది. "ఆంటీ," అన్నాడు ఇహాబ్ గొంతు తగ్గించి, "ఫాతిహా చదవకముందే సామాను పంపిస్తే మా నాన్న ఏమనుకుంటాడు? మామీద రుద్దుతున్నారు అనుకోడూ? షాపు ముందు నిలబడి ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడట్లేదు. ఆయన తిడితే నాకు భయం లేదు ఆంటీ, మాట్లాడకపోతేనే భయం."

"అబ్బాయ్, సామాను దింపనివ్వకు. వస్తున్నా."

"అమ్మా, అయిపోయిందా?" అంది నెర్మీన్.

"ఏం అయిపోలేదు. బాతుల కింద మంట తగ్గించు. ఉల్లిపాయలు మాడనివ్వకు" అని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఇన్షిరాహ్ మెట్లు దిగింది.

వీధిలో దొరికిన టుక్‌టుక్ అబ్బాయి ఎక్కడికని అడగనే లేదు. "పెళ్ళి సామాను దగ్గరికేగా హాజ్జా? ఊరంతా అక్కడే ఉంది" అన్నాడు. దారి పొడవునా ఇన్షిరాహ్ ఒకే వాక్యం పదేపదే నోట్లో తిప్పుకుంది. హాజీ, పొరపాటు జరిగింది, సామాను వెనక్కి పంపిస్తున్నాం, సాయంత్రం ఎప్పట్లాగే దయచేయండి. చదువుకున్న మనిషి, వాక్యంలో ఎక్కడా తప్పు లేదు. కానీ వాక్యం ఒక్కటి చాలుతుందా? ఒక మనిషి టీ సగంలో వదిలి లేచిపోతే బతిమాలి తెచ్చుకోవచ్చు. ఆయన వీధిలో, ఆయన వాళ్ళందరి ముందూ పరువు తీశాక ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది?

ఆ వీధిలో ఇటు షాపు, అటు షాపు, అన్నీ ఫర్నిచర్ షాపులే. యజమానులూ పనివాళ్ళూ ఒళ్ళంతా రంపప్పొట్టుతో బయటికొచ్చి నిలబడ్డారు. బండి సరిగ్గా హాజీ సుబ్హీ షాపు ముందు ఆగి ఉంది. బండి మీద, నీష్ పక్కన, వగ్దీ నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు.

"ఇందులో ఒక్క మేకు లేదు సోదరులారా! ఒక్క స్క్రూ లేదు!"

దగ్గమని చెప్పిన సంగతి మనిషికి గుర్తున్నట్టు లేదు. కింద హాజీ సుబ్హీ చేతులు వెనక్కి కట్టుకుని, ఆ బీరువాని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూస్తున్నాడు. పక్కన ఇహాబ్ గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. ఉమ్ హానీ ఇన్షిరాహ్‌ని చూసి ఇంకో కేక వేసింది.

ఇన్షిరాహ్ జనాన్ని తోసుకుని వెళ్ళి, తలగుడ్డ సర్దుకుని, గట్టిగా మొదలుపెట్టింది. "హాజీ, పొరపాటు జరిగింది. సామాను వెనక్కి..."

డోలు ఆగింది.

"ఎవరది?" అని షాపు పక్క గుమ్మంలోంచి ఒక గొంతు. కుర్చీలో కూర్చున్న హాజీ తల్లి. వీధంతా ఆమెని తేతా, అంటే నానమ్మ, అని పిలుస్తుంది. "గుమ్మం దాకా వచ్చిన పెళ్ళికూతురి సామాను వెనక్కి అన్నదెవరు? నోరు కడుక్కోమనండి! మా ఆయన తమ్ముడికి అలాగే జరిగింది. గుమ్మం నుంచి వెనక్కి తిప్పారు. ఏమైంది? చచ్చేదాకా పెళ్ళి లేకుండా పావురాల్ని పెంచుకుంటూ కూర్చున్నాడు. నా మనవడు పావురాల్ని పెంచుకోవాలా?"

"అది కాదు తేతా..." అన్నాడు ఇహాబ్.

"నువ్వు మాట్లాడకు. నీకు పావురాలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమే."

హాజీ సుబ్హీ ఇన్షిరాహ్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు. "ఉమ్ నెర్మీన్, సంగతేంటి? మనం ఫాతిహా చదివామా? నాకు తెలీకుండా గానీ చదివేశామా?"

కట్టుకొచ్చిన వాక్యం కాస్తా ఎగిరిపోయింది. ఇన్షిరాహ్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. సంఘం, కారే పైకప్పు, ప్రదర్శన, ఆరేసిన దుప్పట్లు, రజాయి, షహాతా హారన్, ఉమ్ హానీ. ఊపిరి తీసుకోకుండా చెప్పి, చివర్లో నోరు జారింది. "ఇదంతా మీ కంట పడకూడదనే పొద్దున్నే బయటికి పంపాను హాజీ."

"నా కంట పడకూడదనా? ఎందుకు?"

ఇన్షిరాహ్ బండి వైపు చూసింది. "మీరే చూస్తున్నారుగా."

హాజీ మళ్ళీ చూశాడు. ఆయన మీసం ఒకవైపు కదిలినట్టనిపించింది కానీ అది కోపమో ఇంకేమిటో తెలుసుకునే లోపల ఎదురు షాపు యజమాని మాస్టర్ ఫిక్రీ రోడ్డు దాటి వచ్చేశాడు. ఆయనకీ హాజీకీ ముప్పై ఏళ్ళుగా ఒకే వీధి, ఒకే వ్యాపారం, ఒక్క రోజు కూడా పడలేదు. ఫిక్రీ నీష్ కాళ్ళ దగ్గర వంగి, లేచి, వీధికంతా వినపడేలా అన్నాడు.

"సుబ్హీ! నీ వియ్యంకుడి పనితనమా ఇది? ఈ కాళ్ళు చూడు, నాలుగూ నాలుగు ఊళ్ళకి ప్రయాణం కట్టాయి. ఈ సొరుగులకి పళ్ళేంటయ్యా, తెరిస్తే కరుస్తాయా? ఊరికంతా మంచాలమ్మే సుబ్హీ కోడలు తెచ్చే సామాను ఇదా!"

పనివాళ్ళు నవ్వారు. ఇటు షాపుల్లో నవ్వారు, అటు షాపుల్లో నవ్వారు. ఇన్షిరాహ్ కళ్ళు మూసుకుంది. ఇక ఇహాబ్‌కి పావురాలే గతి, నెర్మీన్‌కి ఏం గతో తెలీదు.

"ఫిక్రీ," అన్నాడు హాజీ నెమ్మదిగా. "నీ షాపులో చేత్తో చేసింది ఒక్కటి చూపించు."

"ఏంటి?"

"ఒక్కటి. కుర్చీ అక్కర్లేదు, స్టూలు చాలు. పద, చూపించు. మిషన్‌లోంచి వచ్చినదాని మీద నీ పేరు కొట్టుకుని, మాస్టర్ మాస్టర్ అనిపించుకుంటున్నావు. ఈయన చేసింది వంకరే. నాకు కళ్ళున్నాయి, కనపడుతోంది. కానీ వంకరైనా ఆయనదే. కూతురి కాపురానికి ఒక తండ్రి సొంత చేతుల్తో బీరువా చేశాడు. నీ కూతురికి నువ్వేం చేశావ్? నా షాపులో కొన్నావు!"

ఈసారి వీధి మరోవైపు నవ్వింది. అది నిజమేనని వీధిలో అందరికీ తెలుసు.

బండి మీది నుంచి వగ్దీ సంతోషంగా వంగాడు. "హాజీ, కూతురి కోసమని కాదు, నిజానికిది ప్రదర్శన..."

ఇన్షిరాహ్ అతని కాలి వేళ్ళ మీద చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. వగ్దీకి ఇప్పుడు గుర్తొచ్చింది. దగ్గాడు. చాలాసేపు, చాలా బాగా దగ్గాడు.

"కన్నీళ్ళు ఆపుకుంటున్నాడు పాపం" అంది తేతా.

"ఏం చూస్తున్నారు?" అని హాజీ తన పనివాళ్ళ మీద అరిచాడు. "పైకెక్కించండి! షాపు పైనున్న ఇహాబ్ ఫ్లాట్ తాళం తీయండి. ముందు ఆ బీరువా విడదీయండి."

"అది విడిపోదు హాజీ" అన్నాడు వగ్దీ, దగ్గు ఆపి.

"విడిపోకపోవడమేంటి? స్క్రూలెక్కడున్నాయి?"

"చెప్పానుగా, లేవు. అంతా జిగురు. రంపం పెట్టి కొయ్యాల్సిందే గానీ విడిపోదు."

హాజీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అయ్యా, ఈ ఊళ్ళో బీరువా చేసే ప్రతివాడూ ముందు మెట్లు కొలుస్తాడయ్యా! నాలుగో అంతస్తు ఎలా ఎక్కుతుందిది?"

"ఏంటీ, విడిపోదా?" అంది తేతా ముందుకు వంగి. "అసలు విడిపోదా? సుబ్హీ, నీ షాపులోవన్నీ ముక్కలు ముక్కలుగా వెళ్తాయి. ఇలాంటిది ఒక్కటైనా చేశావా నువ్వు? కొత్త కాపురంలోకి ఇంతకంటే మంచి వస్తువేం వస్తుంది? తాళ్ళు తెండి!"

అరవై ఏళ్ళొచ్చినా హాజీ సుబ్హీ తన తల్లి మాటకి ఎదురు చెప్పడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. తాళ్ళు వచ్చాయి. హాజీ కోటు విప్పి ఇహాబ్ చేతికిచ్చి, ఒక తాడు తనే పట్టాడు. రెండోది వగ్దీ పట్టాడు. మూడో తాడు ఎవరు పట్టుకున్నారా అని చూస్తే మాస్టర్ ఫిక్రీ. ఎగతాళి చెయ్యడం వేరు, వీధిలోకి వచ్చిన పెళ్ళి సామానుకి చెయ్యి వెయ్యకపోవడం వేరు. మొదటిది రోజూ ఉండేదే, రెండోదాన్ని ఊరు క్షమించదు. నీష్ మళ్ళీ గాల్లోకి లేచింది. ఈసారి ఇన్షిరాహ్ తలెత్తి చూడలేదు. కళ్ళు మూసుకుని, ఉమ్ హానీ భుజం పట్టుకుని నిలబడింది. నాలుగో అంతస్తు బాల్కనీలోంచి "వచ్చేసింది" అన్న కేక వినపడ్డాకే కళ్ళు తెరిచింది.

హాజీ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "అబూ నెర్మీన్, సామాను పైకెక్కింది, ఫాతిహా లేదు. ఇదేం వరస? సాయంత్రం దాకా ఆగితే మా అమ్మ నన్ను బతకనివ్వదు. చెయ్యి ఇలా ఇవ్వు."

వగ్దీ చెయ్యి ఇచ్చాడు. రంపప్పొట్టు నిండిన ఆ కాలిబాట మీదే ఇద్దరు తండ్రులూ చేతులు కలిపారు, వీధి మొత్తం అరచేతులు పైకెత్తి ఫాతిహా చదివింది. తాడు రాసుకుని ఎర్రబడ్డ చేతులతో ఫిక్రీ అందరికంటే గట్టిగా ఆమీన్ అన్నాడు. ఇన్షిరాహ్ కూతురికి ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తి పట్టుకుంది. ఉమ్ హానీ కేక, తేతా కేక, ఎవరెవరివో కేకలన్నీ అందులోకి వెళ్ళాయి. కాసేపటికి అటునుంచి నెర్మీన్ ఏడుస్తూ, నవ్వుతూ, "అమ్మా, ఉల్లిపాయలు మాడిపోయాయి" అంది.

"మాడనీ" అంది ఇన్షిరాహ్. ఆమె పెళ్ళైన దగ్గరినుంచీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ వినలేదు.

సామాను కోసం యువజన కేంద్రంలో చూసి చూసి, ఊరంతా వెతుక్కుంటూ డాక్టర్ రమ్జీ, కస్టమ్స్ ఆయన అప్పటికి వచ్చారు. జరిగింది విని డాక్టర్ లబోదిబోమన్నాడు. "నా అద్దం బల్ల! మూడు నెలలు రోగుల్ని కూర్చోబెట్టి చేశాను!" పెళ్ళి సామాను పైకెక్కాక దిగదని హాజీ చెప్పాడు. డాక్టర్ నాలుగో అంతస్తు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత, "కొత్త పెళ్ళికూతురు రోజూ అందులో చూసుకుంటుందంటారా?" అన్నాడు. చూసుకుంటుందన్నారు. "అయితే పైకెళ్ళి వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసొస్తాను" అని మెట్లెక్కాడు. కుర్చీలకి ఎత్తు సరిచేసే అవకాశం ఇస్తారా అని కస్టమ్స్ ఆయన అడిగాడు. అప్పటికే నాలుగూ పైకెక్కేశాయన్నారు.

సాయంత్రం మాడిన ఉల్లిపాయల బాతుల్ని హాజీ సుబ్హీ రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఖాళీ అయిన ముందుగదిలో సోఫాలో వెనక్కి వాలి, టీ మొత్తం తాగి, వగ్దీని దగ్గరికి పిలిచి చెవిలో అన్నాడు. "మనలో మాట. ఎవరైనా అడిగితే ఆ నీష్ నా షాపులోదని మాత్రం చెప్పకు."

"ఛ, నా పనికి మీ పేరెందుకు పెడతాను హాజీ!" అన్నాడు వగ్దీ నొచ్చుకుని.

ఇన్షిరాహ్ భర్త వైపు ఉరిమి చూసింది. హాజీ మాత్రం సోఫా ఊగేలా నవ్వాడు, నెర్మీన్ తెచ్చిన ముషబ్బక్ పళ్ళెంలోంచి ఒక తీపి చుట్ట తీసి వియ్యంకుడి నోట్లో పెట్టాడు. నోరు నిండి ఉన్నంతసేపు అతను మాట్లాడడు కాబట్టి ఇన్షిరాహ్ ఇంకో రెండు అందించింది. ఆ రోజు మొదటిసారి తనూ కూర్చుంది.

ప్రదర్శన ప్రారంభించడానికి యువజన కేంద్రానికి వచ్చిన పెద్ద అధికారి, ఖాళీ హాల్లో చేసినవాళ్ళ పేర్ల అట్టలు తప్ప ఏమీ కనపడక, ఈ ఊళ్ళో తెర తీయకముందే మొత్తం అమ్ముడైన సరుకు ఇదొక్కటేనని సంఘాన్ని మెచ్చుకుని వెళ్ళాడట.